బొమ్మలో లేని మనిషి

హాలు వెనక వరసలోంచి లేచి వెళ్ళిపోయిన ఒక మనిషితో మొదలైంది ఇదంతా. నేతమిల్లు మంటల్లో పోయిన ఆడవాళ్ళ మీద బావగారు వేసిన పెద్ద బొమ్మ ముందు నిలబడి, చిన్నకోడలు తాను కట్టిన పాట పాడుతుంటే, సరిగ్గా నాలుగో చరణం దగ్గర అతను లేచాడు. ఎవరికీ అడ్డు తగలకుండా వంగి వంగి నడిచి, తలుపు చప్పుడు కాకుండా మూసి మరీ వెళ్ళాడు. మర్నాడే హాలు యజమాని ప్రదర్శన ఎత్తేశాడు. గోడలకు చెమ్మ వచ్చిందన్నాడు. చిన్నకోడలి భర్త, అంటే బావగారి తమ్ముడు, బొమ్మను తన వ్యానులో వేసి తెచ్చి, ఇంటి వెనక షెడ్డులో దింపి, మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాడు.

బొమ్మ షెడ్డులోకి చేరింది కానీ పాట చేరలేదు. బస్టాపుల్లో, కుట్టుమిషన్ల మధ్య, ఆస్పత్రి క్యూల్లో ఎవరో ఒకరు అందుకుంటూనే ఉన్నారు. మంటల మీద విచారణ మొదలుకాబోతోంది. తలుపు దానంతటదే బిగుసుకుపోయిందని మిల్లువాళ్ళు అంటున్నారు. కాదు, బయట తాళం వేశారని పోయినవాళ్ళ తాలూకు మనుషులు అంటున్నారు. తాళం కళ్ళారా చూసినవాళ్ళెవరూ బతికి లేరనే ఇద్దరూ అనుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ముగ్గురున్నారు. బావగారు కొత్త కాన్వాసుకు పూయడానికి స్టవ్వు మీద జిగురు కాస్తున్నారు. ఆయన భార్య పెద్దకోడలు గడప దగ్గర కూర్చుని, రంగు తుడవడానికి పాతబట్టలు పీలికలుగా చింపుతోంది. చిన్నకోడలు నిచ్చెన మెట్టు మీద కూర్చుని బావగారినే చూస్తోంది. పాట విన్న సాయంత్రం నుంచి ఆయన సరిగ్గా మాట్లాడటం లేదు. ప్రదర్శన ఆగిపోయిందన్న దిగులేమో అనుకుంది.

"పాట నచ్చలేదా బావగారూ?" అని అడిగింది చివరికి.

"నచ్చడం కాదమ్మాయ్..." అని ఆయన జిగురు కలుపుతున్న పుల్ల ఆపారు. "నువ్వు పాట ఎప్పుడు పూర్తిచేశావ్?"

"అదేం ప్రశ్న? మీరు మొదటి పూత వేసినప్పుడే. ఎప్పుడూ అంతేగా."

నిజమే, ఎప్పుడూ అంతే. ఈ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా ఆ పద్ధతే నడుస్తోంది. బావగారు మొదటి పూత వేస్తుండగా ఆమె వచ్చి చూస్తుంది. ఎడమ నుంచి కుడికి, మనిషికో చరణం చొప్పున పాట కట్టుకుంటుంది. కట్టుకున్నాక ఇక బొమ్మ వైపు కన్నెత్తి చూడదు. చూస్తే కొత్త రంగులకు పాత మాటలు చెదిరిపోతాయని ఆమె భయం. ఆయనా అంతే, ప్రదర్శన రోజు దాకా పాట చెవిన పడనివ్వరు. పడితే చెయ్యి పాట వెంట పోతుందట. "భార్యాభర్తలు కూడా ఇన్ని రహస్యాలు దాచుకోరు" అని పెద్దకోడలు వాళ్ళిద్దరినీ దెప్పేది. హాల్లో కూడా ఆమె జనం వైపు తిరిగి, బొమ్మకు వీపు పెట్టి పాడింది.

బావగారు ఏదో చెప్పబోయారు. ఇంతలో గడప దగ్గర గొంతు వినిపించింది.

"లోపలికి రావచ్చా అమ్మా?"

వచ్చినతను బక్కపలచగా ఉన్నాడు. గడపలో పరిచిన గోనెపట్టా మీద బూట్లు శ్రద్ధగా తుడుచుకుంటున్నాడు. అతని వెనక నిలబడ్డవాడికి తల తిన్నగా భుజాల మీదే మొలిచినట్టుంది. మెడ అన్నదే లేదు. బక్కపలచటి మనిషిని చిన్నకోడలు గుర్తుపట్టింది. వెనక వరస మనిషి.

"నన్నందరూ చక్కెర అంటారు" అన్నాడు నవ్వుతూ. "మా అమ్మ పెట్టిన పేరు వేరే ఉందిలెండి. ఆమే మరిచిపోయింది. అమ్మా, మీ పాటంటే నాకు ప్రాణం. నిద్రలో కూడా పాడుతున్నానని మా ఆవిడ ఒకటే గోల."

"సంతోషం. ఇప్పుడేం కావాలి?" అంది చిన్నకోడలు.

"ఒక్కసారి బొమ్మ పక్కన నిలబడి పాడించుకుందామని."

"ఇది హాలు కాదు. బయటికి నడవండి."

"పోనీ, నేను పాడతాను. తప్పులుంటే దిద్దండి."

అతను నిజంగానే పాడాడు. శ్రుతిలో పాడాడు. ఆమెకు ముందు భయం కలిగించింది అదే. గోడకు ఆనించిన బొమ్మకు ఎడమ చివర నిలబడి మొదటి చరణం అందుకుని, తెగిన నూలుకు ముడివేస్తున్న మనిషి మీద వేలు పెట్టాడు. రెండో చరణం పాడుతూ, చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తే పిల్ల దగ్గరికి జరిగాడు. మూడో చరణానికి కిటికీ ఊచల్లోంచి చేయి చాపిన నిండు గర్భిణి. ఒక్క మాట పొల్లుపోలేదు. మెడలేనివాడు తల ఊపుతూ వింటున్నాడు. తర్వాత నాలుగోది.

*తలుపుకు బయట ఒక్కడున్నాడు*
*తాళం కాలుతున్నా వదలనివాడు*
*లోపలి గుద్దులు గుండెకు తగిలినవాడు*
*ముఖం లేదు గానీ నోరుంది చూడు*

చక్కెర వేలు గాల్లో ఆగిపోయింది. బొమ్మలో ఆ చోట మనిషి లేడు. నేల నుంచి పైకి లేచిన నల్లటి పొగ స్తంభం ఉంది.

"ఇదిగో, ఇక్కడే నాకు అర్థం కావడం లేదు" అన్నాడు మెత్తగా. "పాటలో ఉన్న మనిషి బొమ్మలో లేడు. ఎక్కడికి పోయాడు?"

చిన్నకోడలు నిచ్చెన దిగింది. మొదటి పూత తర్వాత ఆమె ఆ బొమ్మను నిలబడి చూడటం అదే మొదలు. అక్కడ ఒక మనిషి ఉండాలి. ఒళ్ళంతా వంచి తాళం లాగుతున్న మనిషి. అప్పటికి ముఖం ఇంకా వెయ్యలేదు, అందుకే ముఖం లేదని పాడింది. ఆమె బావగారి వైపు తిరిగింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్ళ మౌనం ఎందుకో అప్పుడు తెలిసింది. ఆయన తుడిపేసిన మనిషిని తాను ఊరంతటికీ చూపించింది.

"ఊహ" అన్నారు బావగారు. "బొమ్మలు వేసేవాళ్ళం. ఏవో ఊహించుకుంటాం. కుదరకపోతే తీసేస్తాం."

"ఊహని అయితే అలాగే ఉంచొచ్చుగా సార్. ఊహకి ప్రాణభయం ఉంటుందా?"

చక్కెర కళ్ళతో సైగ చేశాడు. మెడలేనివాడు షెడ్డు రేకు తలుపు లాగి గడియ పెట్టాడు. తిరిగి వస్తూనే గడప దగ్గరున్న పెద్దకోడలి జుట్టు పిడికిట పట్టి పైకి లేపాడు. ఆమె అరుపు సగంలో ఉండగానే, బావగారు రంగు గీకే కత్తి అందుకుని మీదికి దూకారు. కత్తి మెడలేనివాడి చెవిని చీల్చింది. వాడు పెద్దకోడలిని వదిలేసి, ఆయన పొట్టలో మోకాలితో పొడిచాడు. ఆయన డబ్బాల మీద పడ్డారు. ఎర్రరంగు డబ్బా దొర్లి నేలంతా పారింది. ఏది రంగో ఏది రక్తమో తెలియలేదు.

"చూశారా, ఇదంతా అక్కర్లేదు" అన్నాడు చక్కెర నొచ్చుకుంటున్నట్టు. "మా మిల్లు పెద్దాయనకి మీ బొమ్మ మీద కోపం లేదు సార్. హాలుకొచ్చి చూసి, బాగుందన్నాడు కూడా. కొని మిల్లు ఆఫీసులో పెట్టుకుందామన్నాడు. బొమ్మ ఎవరు చూస్తారు? హాలుకు రావాలి, చేతులు కట్టుకుని నిలబడాలి. పాట అలా కాదు. పెద్దాయన ఇంట్లో అంట్లు తోమే మనిషి, ఆయన భోంచేస్తుండగా పాడింది, తాళం కాలుతున్నా వదలనివాడు అని. ఆయనకి ముద్ద దిగలేదు."

బావగారిని బల్ల దగ్గరికి ఈడ్చారు. కాన్వాసుకు మేకులు కొట్టే సుత్తి అక్కడే ఉంది. మెడలేనివాడు ఆయన కుడిచేతిని బల్ల మీద పరిచి, మణికట్టు మీద తన మోచేయి ఆనించాడు. తెగిన చెవి నుంచి రక్తం ఆ చేతి మీదే కారుతోంది.

"వాడెవడు సార్?"

"తెలియదు."

చక్కెర సుత్తి దించాడు. చూపుడువేలు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాతగానీ బావగారి కేక రాలేదు. పెద్దకోడలు మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి చక్కెర కాళ్ళు పట్టుకుంది.

"ఆయన చెయ్యి వద్దు బాబూ! ఇంకేమైనా చెయ్యి, ఆ చెయ్యి వద్దు!"

"అందుకేగా అమ్మా, ఆ చెయ్యి" అన్నాడతను. సుత్తి మళ్ళీ దిగింది. మధ్యవేలు.

చిన్నకోడలికి తాను ఎప్పుడు కదిలిందో తెలియదు. నిచ్చెన ఎత్తి చక్కెర వీపు మీద వేసింది. అతను తూలి బల్ల పట్టుకున్నాడు, కానీ మెడలేనివాడు ఖాళీ చేత్తోనే ఆమె చెంప మీద కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. నోట్లో ఏదో గట్టిగా తగిలితే ఉమ్మింది. తన పన్నే.

"నేనే కల్పించాను!" అంది రక్తం మింగుతూ. "ఒక చరణం తక్కువైందని కలిపాను. ఆయనకేం తెలియదు. పాట నాది. అడగాల్సింది నన్ను."

చక్కెర వీపు రుద్దుకున్నాడు. నమ్మినట్టే తల ఊపాడు.

"మంచిది. మీరే కల్పించి ఉంటే ఈ పొగ కింద ఏమీ ఉండకూడదు. అంతేగా?"

సుత్తిని మెడలేనివాడి నడుముకు దోపి, పెద్దకోడలు చింపిన పీలికల్లో ఒకటి తీసుకున్నాడు. టర్పెంటైను డబ్బా మూత తీసి, గుడ్డ ముంచాడు. ఆ ఘాటు షెడ్డంతా నిండింది. బావగారు బల్ల మీద నుంచే తల ఎత్తి, "వద్దు" అన్నారు. ఆ ఒక్క మాట చాలు, కింద ఏదో ఉందని తెలియడానికి. కింది రంగు ఎండి గట్టిపడి నెలలైంది. పైన వేసిన పొగ రంగు ఇంకా పచ్చిగానే ఉంది. పచ్చి రంగు టర్పెంటైనుకు నిలవదు.

చక్కెర కింద నుంచి మొదలుపెట్టాడు. బంగారం తోముతున్నట్టు ఓపికగా తుడిచాడు. గుడ్డ నల్లబడేకొద్దీ పొగలోంచి ముందు రెండు పాదాలు వచ్చాయి. తర్వాత వంగిన మోకాళ్ళు. గుడ్డ మార్చాడు. తలుపు మీద తాళం వచ్చింది, ఎర్రగా కాలిన ఇనుప తాళం. దాన్ని పట్టుకున్న చేయి వచ్చింది.

మొదటి పూతలో ఆ చేతికి అయిదు గీతలు తప్ప ఇంకేమీ లేవు. ఆమె పాట కట్టుకుని వెళ్ళిపోయాక బావగారు దాన్ని పూర్తిచేశారు. అరచేతిలో, బొటనవేలి మొదట్లోంచి మణికట్టు దాకా, గుర్రపునాడా ఆకారంలో కాలిన మచ్చ.

ఆ మచ్చకు ఆమె స్వయంగా మందు రాసింది. రోజూ కట్టు విప్పి, మళ్ళీ కట్టింది. వ్యాను వేడెక్కితే రేడియేటర్ మూత తీయబోయానన్నాడు మొగుడు. "మూత గుండ్రంగా ఉంటుందిగా, ఇదేంటి ఇలా ఉంది?" అంటే, "కాలేటప్పుడు కొలత చూసుకుని కాల్చుకుంటానా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. మిల్లు తగలబడింది ఆ రోజే. మిల్లుకు నూలు చేరవేసేది ఆయన వ్యానే. ఈ రెండూ ఆమెకు తెలుసు. పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే. ఆ మచ్చ తాళానిది, తాళం చూసి బతికినవాడు ఆయనొక్కడే. మొగుడు తమ్ముడిగా అన్నతో చెప్పుకున్నాడు, పెళ్ళాంతో చెప్పుకోలేదు. అన్న బొమ్మలో పెట్టాడు, భయపడి పొగతో కప్పాడు. తెలియని తాను ఆయన్ను పట్టుకెళ్ళి ఊరి నోట్లో పెట్టింది.

గుడ్డ మోచేయి దాటింది. భుజం. మెడ. గడ్డం కింద చిన్న గాటు, ఆయనకు చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే తగిలిన గాటు. చక్కెర ఇంకో పీలిక కోసం వెనక్కి తిరిగాడు.

ఆమెకు ఆ ఒక్క క్షణమే దొరికింది. టర్పెంటైను డబ్బా రెండు చేతులా ఎత్తి బొమ్మ మీద గుమ్మరించింది. జిగురు గిన్నెను తన్ని, మండుతున్న స్టవ్వును అమాంతం ఎత్తి విసిరింది.

భగ్గుమంది. మంట కింద నుంచి పైకి ఒక్క గుక్కలో ఎక్కింది. ముడివేస్తున్న మనిషి, చెప్పులు పట్టుకున్న పిల్ల, కిటికీ దగ్గర గర్భిణి, ఒకరి తర్వాత ఒకరు ముడుచుకుపోయారు. మిల్లులో ఒకసారి కాలినవాళ్ళు ఇక్కడ రెండోసారి కాలారు. ఈసారి నిప్పు పెట్టింది తాను. వాళ్ళ కోసం ఎన్నాళ్ళు ఏడ్చి పాట కట్టిందో ఆ ఏడుపంతా ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియలేదు. తాళం పట్టుకున్న చేయి కాలుతుంటే మాత్రం ఆమె గుండె నిమ్మళించింది.

చక్కెర చొక్కా చెయ్యి అంటుకుంది. అతను కేకవేస్తూ నేల మీద దొర్లాడు. మెడలేనివాడు బావగారిని వదిలి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. తనే పెట్టిన గడియ, ఎంత లాగినా ఊడిరాలేదు. పొగ కమ్మేసింది. పెద్దకోడలు రేకు తలుపు మీద రెండు చేతులతో బాదుతోంది. దడ దడ దడ. ఆ చప్పుడు వింటూ చిన్నకోడలు కొయ్యబారిపోయింది. ఇదే కదా తాను పాడిన చప్పుడు. మెడలేనివాడు చివరికి భుజంతో గుద్ది తలుపు ఊడబెరికాడు. అందరూ ఒకరి మీద ఒకరు పెరట్లోకి పడ్డారు.

చక్కెర కుళాయి కింద చేయి పెట్టి కూర్చున్నాడు. మోచేతి దాకా బొబ్బలెక్కింది. నొప్పికి పళ్ళు బిగబట్టినా గొంతు మాత్రం మారలేదు.

"నాకు ముఖం కనబడలేదమ్మా" అన్నాడు. "ఒప్పుకుంటాను, ఆ పందెం మీరే గెలిచారు. కానీ ఒక్క ముక్క చెప్పండి. బావగారి వేళ్ళు విరుగుతుంటే మీరు నిచ్చెన ఎత్తారు. బాగుంది, ఇంటి మనిషి. మరి ఆ పొగలో మనిషి గడ్డం కనబడేసరికి ఇల్లే తగలబెట్టుకునేంత పని చేశారు. ముక్కూమొహం తెలియనివాడి కోసం ఎవరైనా అలా చేస్తారా?"

ఆమె పెదవి మీది రక్తం కొంగుతో తుడుచుకుంది.

"మీ ఆయన కనబడడేం? ఇంతకీ ఏం పని చేస్తుంటాడు?"

"ఆయన ఊళ్ళో లేడు."

"నేనడిగింది ఏ ఊళ్ళో ఉన్నాడని కాదుగా."

అతను లేచాడు. సుత్తి ఇంకా మెడలేనివాడి నడుముకు దోపి ఉంది. చక్కెర దాన్ని ఎడమచేత్తో తీసుకుని, చిన్నకోడలి దగ్గరికి రాలేదు. నేల మీద ఒరిగి ఉన్న బావగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన విరిగిన చేతిని పెద్దకోడలు ఒళ్ళో పెట్టుకుని, పీలికతో చుడుతోంది. బొటనవేలూ చివరి రెండు వేళ్ళూ బాగానే ఉన్నాయి. చక్కెర వాటి వైపే చూశాడు.

"ఈ చేత్తో ఇంకా కుంచె పట్టుకోవచ్చు. అలవాటు చేసుకుంటే" అన్నాడు.

"చెబుతాను" అంది పెద్దకోడలు.

"వద్దే" అన్నారు బావగారు కళ్ళు తెరవకుండానే. "వాడు నా తమ్ముడే."

ఆ మాట అన్నాకగానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు. చక్కెర పెదవుల మీద నవ్వు మెల్లగా పాకింది.

పెద్దకోడలు గబుక్కున అంది, "నలుగురు తమ్ముళ్ళున్నారయ్యా ఆయనకి. ఇల్లు పట్టనంత మంది." చిన్నకోడలు తల తిప్పి చూసింది. బావగారికి తమ్ముడు ఒక్కడే. ఉన్న ఆ ఒక్కడూ తన మొగుడే.

"ఎవరో నేను చెబుతాను" అంది పెద్దకోడలు మళ్ళీ. "ముందు ఆ సుత్తి బావిలో పారెయ్. ఈయన చెయ్యి జోలికి రానని నీ బిడ్డల మీద ఒట్టెయ్."

"నాకు బిడ్డలు లేరమ్మా."

"అయితే నిద్రలో నీ పాట వినే ఆవిడ మీద వెయ్యి."

చక్కెర మొదటిసారి ఒక క్షణం తడబడ్డాడు. తర్వాత నిజంగానే వెళ్ళి సుత్తిని బావిలో వదిలాడు. నీళ్ళ చప్పుడయ్యేదాకా ఆగి, తిరిగొచ్చి, కథ వినబోయే పిల్లాడిలా ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఒట్టు. చెప్పు."

"అక్కా!" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు మొగుడి చేతికి కట్టు ముడివేసింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది. "ఆ రోజు మిల్లుకి నూలు తీసుకెళ్ళిన వ్యాను మాదే" అంది. "నడిపిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా నాకు తెలుసు. లే, చూపిస్తాను. నాతో నువ్వొక్కడివే రావాలి."

ఆమె లేచి నిలబడింది. నిలబడ్డాక, అప్పుడు, తోడికోడలి కళ్ళలోకి చూసింది.